కొండబడికి ఉచిత పాఠాలు: ఎక్కడ వెతకాలి, ఎలా చేరవేయాలి



బడి పిల్లలకు నోటుపుస్తకాలు, సంచులు, దుప్పట్లు పంచడం మన ధర్మసంస్థలన్నీ చేసే పనే. అవి అవసరమే. అయితే ఈమధ్య దాతలు మమ్మల్ని మరో మాట అడుగుతున్నారు. పట్నం పిల్లలు తెర మీద పాఠాలు చూస్తున్నారు కదా, కొండ మీది పిల్లలకు కూడా అలాంటివి కొనిపెట్టలేమా అని. డబ్బు తీసే ముందు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. మంచి పాఠాల్లో చాలా భాగం ఇప్పటికే ఉచితంగా దొరుకుతోంది. వాటిని వెతికి, మంచీ చెడ్డా చూసి, సిగ్నల్ లేని తరగతి గది దాకా మోసుకుపోయే మనుషులే కావాలి. ఆ పని ఎలా చేయాలో ముంచింగిపుట్టు మండలాన్ని దృష్టిలో పెట్టుకొని ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

బడి ఎలాంటిదో ముందు తెలియాలి

ముంచింగిపుట్టు ఒడిశా సరిహద్దు మండలం. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. అంతకుముందు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. పోర్జ, ఖోండు, గదబ, భగత, కొండదొర, వాల్మీకి, కోటియ వంటి తెగల వారు ఈ కొండల్లో నివసిస్తారు. చాలా ఇళ్లలో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. మరికొన్ని ఇళ్లలో కువి, పోర్జ, గదబ భాషలు. పిల్లవాడు ఐదారేళ్ల వయసులో బడిలో అడుగుపెట్టగానే తెలుగు వినాలి. పుస్తకం తెరిస్తే ఒక పేజీలో తెలుగు, దాని ఎదుటి పేజీలో ఇంగ్లీషు. అంటే ఇంటి భాష తీసేస్తే మరో రెండు భాషలు ఒకేసారి మీద పడతాయి.

దీనికి తోడు చిన్న ఊళ్లలో ఒకే మాస్టారు రెండు మూడు తరగతులను ఒకే గదిలో చూసుకోవలసి వస్తుంది. ఒక తరగతికి చెబుతుంటే మిగతావారు ఖాళీగా ఉండకుండా వారి చేతికి ఏదో ఒక పని ఇవ్వాలి. ఊరు దాటితే సిగ్నల్ ఎక్కడ అందుతుందో, ఎక్కడ పోతుందో చెప్పలేము. ఈ మూడు సంగతులు, అంటే భాష, బహుళ తరగతులు, సిగ్నల్, మనసులో పెట్టుకోకుండా ఎంత ఖరీదైన సామాను ఇచ్చినా అది బీరువాలోనే ఉండిపోతుంది.

ఉచితం వేరు, వక్ఫ్ వేరు

హజ్రత్ ఉస్మాన్ (రజి) మదీనాలో రూమా బావిని కొని ప్రజలకు వక్ఫ్ చేసిన సంగతి మనందరికీ తెలుసు. అంతకుముందు ఆ బావి యజమాని నీళ్లు అమ్ముకునేవాడు. ఒకవేళ ఆయన ఒక రోజు దయతలచి ఉచితంగా తోడుకోనిచ్చినా, మర్నాడు తాళం వేసే హక్కు ఆయనకు ఉండేది. వక్ఫ్ అయిన తరువాత ఆ హక్కు ఎవరికీ లేదు.

ఇంటర్నెట్‌లో దొరికే పాఠాల్లోనూ ఈ రెండు రకాలున్నాయి. చూడడానికి ఉచితంగా ఉండి, దించుకోవడానికి, అచ్చు వేయడానికి, మార్చడానికి అనుమతి లేనివి మొదటి రకం. ఎన్.సి.ఇ.ఆర్.టి. పాఠ్యపుస్తకాల పి.డి.ఎఫ్.లు ఇందుకు ఉదాహరణ. ఎవరైనా దించుకొని చదువుకోవచ్చు, కాని అనుమతి లేకుండా తిరిగి ప్రచురించకూడదు. రెండో రకంలో రచయితే ముందుగా అనుమతి రాసిపెడతాడు. ఇలాంటివాటికి 'బహిరంగ విద్యా వనరులు' అన్న అర్థమిచ్చే పేరును 2002లో యునెస్కో సమావేశంలో పెట్టారు. 2019లో యునెస్కో సభ్యదేశాలు వీటిని ప్రోత్సహించాలని ఒక సిఫారసును ఆమోదించాయి.

ఆ అనుమతిని ఎక్కువగా 'క్రియేటివ్ కామన్స్' అనే లైసెన్సు రూపంలో రాస్తారు. పేజీ అడుగున 'సి.సి.' అన్న గుర్తు, దాని పక్కన కొన్ని అక్షరాలు ఉంటాయి. వాటి అర్థం ఇది. 'బి.వై.' అంటే రచయిత పేరు చెప్పాలి. 'ఎస్.ఎ.' అంటే మీరు మార్చిన దాన్ని కూడా అదే షరతుతో అందరికీ ఇవ్వాలి. 'ఎన్.సి.' అంటే వ్యాపారానికి వాడకూడదు. 'ఎన్.డి.' అంటే మార్చకూడదు, అంటే అనువాదం కూడా చేయకూడదు. కొండబడికి అనువాదం ముఖ్యం కనుక 'ఎన్.డి.' ఉన్నవాటిని పక్కన పెట్టి మిగిలినవి చూసుకోవడం మేలు.

గుర్తు ఏదీ లేకపోతే హక్కులన్నీ రచయితవేనని అనుకోవాలి. అయినా మాస్టార్లు భయపడనవసరం లేదు. 1957 నాటి మన కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్, బోధనలో భాగంగా ఉపాధ్యాయుడు గాని విద్యార్థి గాని నకలు తీసుకోవడానికి వీలు కల్పిస్తోంది. గదిలో పాఠం చెప్పడానికి వాడుకోవడం వేరు, సంస్థ పేరుతో పుస్తకం వేసి ఊరూరా పంచడం వేరు. ధర్మసంస్థలు ఈ తేడా గమనించాలి. మంచి పనికే కదా అని ఒకరి సొమ్ము అడగకుండా తీసుకోవడం మన ధర్మం ఒప్పుకోదు.

ఏది ఎక్కడ దొరుకుతుంది

పాఠ్యపుస్తకంలోని పాఠానికి తోడు కావాలంటే మొదట చూడవలసింది 'దీక్షా'. కేంద్ర ప్రభుత్వం 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు దీన్ని ప్రారంభించింది. మన రాష్ట్ర పాఠ్యపుస్తకాల్లో పాఠం దగ్గర గళ్ల గళ్లుగా కనిపించే చదరపు గుర్తు, అంటే క్యూఆర్ కోడ్, దీనికి దారి. ఫోనులో దీక్షా యాప్ తెరిచి ఆ కోడ్ వైపు కెమెరా పెడితే ఆ పాఠానికి సంబంధించిన వీడియో, అభ్యాసం వస్తాయి. యాప్‌లోకి దించుకున్న పాఠం ఆ తరువాత సిగ్నల్ లేకపోయినా తెరుచుకుంటుంది.

కథల కోసం 'స్టోరీవీవర్'. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ సంస్థ దీన్ని 2015 సెప్టెంబరు 8న, అంతర్జాతీయ అక్షరాస్యతా దినం నాడు మొదలుపెట్టింది. బొమ్మలతో ఉన్న కథలు తెలుగులోనూ చాలా ఉన్నాయి. వాటిని నాలుగు స్థాయులుగా విడదీశారు. మొదటి స్థాయిలో పేజీకి ఒకటి రెండు చిన్న వాక్యాలే ఉంటాయి. ఐదో తరగతిలో ఉండి కూడా తెలుగు తడుముకుంటున్న పిల్లవాడికి నామోషీ లేకుండా మొదటి స్థాయి నుంచి మొదలుపెట్టవచ్చు. ఎక్కువ కథలకు 'సి.సి. బి.వై.' లైసెన్సు ఉంది కనుక అచ్చు తీసి పంచవచ్చు, మరో భాషలోకి మార్చవచ్చు.

సైన్సుకు 'ఫెట్' అనే సిమ్యులేషన్లు ఉన్నాయి. భౌతికశాస్త్రంలో 2001 నోబెల్ బహుమతి పొందిన కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన పథకం ఇది. తెర మీద బ్యాటరీ, వైరు, బల్బు కలిపి చూడవచ్చు. అయస్కాంతాన్ని తీగచుట్టలో తిప్పి కరెంటు పుట్టించవచ్చు. తప్పు చేసినా ఏదీ కాలిపోదు. వీటిని దించుకొని ఇంటర్నెట్ లేని కంప్యూటరులోనూ వాడవచ్చు. కొన్ని తెలుగులో కూడా దొరుకుతాయి.

కంప్యూటరే లేని బడికి అరవింద్ గుప్తా పని పనికొస్తుంది. ఐ.ఐ.టి. కాన్పూరులో చదివిన ఈయన సైకిలు వాల్వు ట్యూబు ముక్కలు, అగ్గిపుల్లలు, పాత కాగితాలు, ఖాళీ సీసాలతో వందలాది సైన్సు బొమ్మలు చేసి చూపించారు. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన సైటులో బొమ్మలు చేసే విధానం, వీడియోలు, పుస్తకాలు ఉచితంగా ఉన్నాయి. మాస్టారు ఒక్కసారి చూసి వెళ్తే చాలు, గదిలో తెరతో పనిలేదు.

లెక్కలకు, ముఖ్యంగా రేఖాగణితానికి 'జియోజీబ్రా' ఉంది. బడులు ఉచితంగా వాడుకోవచ్చు. ఏ విషయమైనా చదివి చెప్పడానికి 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా, బొమ్మలకు వికీమీడియా కామన్స్ ఉన్నాయి. ఇక టీవీ ఉన్న చోట ఇంటర్నెట్ లేకపోయినా దారి ఉంది. 2020 మేలో ప్రకటించిన పి.ఎం. ఈ-విద్య కింద తరగతికొక చానెల్ చొప్పున 12 చానెళ్లు మొదలయ్యాయి. 2022 బడ్జెట్‌లో వాటిని ప్రాంతీయ భాషల పాఠాల కోసం 200కు పెంచుతామన్నారు. నెలనెలా చందా లేని డీడీ ఫ్రీ డిష్ గొడుగు ఉంటే చాలు.

వెతకడం ఎలా, ఎంచడం ఎలా

చాలామంది 'మూడో తరగతి లెక్కలు' అని కొట్టి, వచ్చిన మొదటి వీడియో పెట్టేస్తారు. పాఠం పేరు, అందులోని ముఖ్య పదం తెలుగు లిపిలో రాసి వెతికితే ఫలితం మెరుగ్గా వస్తుంది. 'భిన్నాలు' అని ఒకసారి, 'సగం పావు' అని ఒకసారి వెతకండి. గూగుల్‌లో బొమ్మలు వెతికేటప్పుడు వినియోగ హక్కుల దగ్గర, యూట్యూబ్‌లో వెతికేటప్పుడు ఫిల్టర్ దగ్గర క్రియేటివ్ కామన్స్ ఎంచుకునే వీలుంది. అలా చేస్తే అనుమతి ఉన్నవే ముందుకు వస్తాయి.

దొరికిన ప్రతిదాన్నీ గదిలోకి తీసుకుపోయే ముందు ఈ ఐదు ప్రశ్నలు వేసుకోవాలని మా సలహా.

ఒకటి, ఇందులోని విషయం సరైనదేనా? పాఠ్యపుస్తకంతో పోల్చి చూడాలి. ఈ రోజుల్లో యంత్రమే రాసిపెట్టే పాఠాలు కూడా తిరుగుతున్నాయి కనుక ఈ జాగ్రత్త మరీ అవసరం. రెండు, తెలుగు పిల్లలకు అందే స్థాయిలో ఉందా? గుంటూరు పిల్లవాడికి సులువైన మాట ముంచింగిపుట్టులో కొత్తమాట కావచ్చు. మూడు, ఐదారు నిమిషాల్లో ముగుస్తుందా? అంతకు మించితే మిగతా తరగతుల పిల్లల పని ఆగిపోతుంది. నాలుగు, చూసిన తరువాత పిల్లలు చేతులతో చేసే పని ఏదైనా ఉందా? ఐదు, మధ్యలో ప్రకటనలు వస్తాయా, పిల్లల పేరు, ఫోను నంబరు అడుగుతుందా?

ఐదో ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. కొన్ని యాప్‌లు మొదటి నెల ఉచితమంటాయి, తరువాత చందా కట్టమంటాయి. మరికొన్ని డబ్బు అడగవు గాని పిల్లల వివరాలు పోగుచేస్తాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారి వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. సామాను పంచుతూ పిల్లల ఫోటోలు తీసి వాట్సాప్‌లో తిప్పే మన అలవాటు కూడా ఈ సందర్భంలో ఆలోచించుకోవలసిందే.

సిగ్నల్ లేని గదికి దారి

సిగ్నల్ ఉన్న చోట దించుకొని, లేని చోటికి మోసుకుపోవడం ఇందులో కిటుకు. సంతకు వచ్చినవాళ్లు ఉప్పూ కిరసనాయిలూ కొని ఊరికి మోసుకుపోయినట్టే ఇదీను. దీనికి మూడు మార్గాలున్నాయి.

అన్నిటికంటే చవకది మెమరీ కార్డు. కథల పి.డి.ఎఫ్.లు, చిన్న వీడియోలు తరగతివారీగా ఫోల్డర్లలో సర్ది మాస్టారి ఫోనులోనో, బడిలోని టీవీకో పెట్టవచ్చు. ఫోల్డర్ పేర్లు తెలుగులో, పాఠం వరుసలో ఉండాలి. వెయ్యి వీడియోలు గుట్టగా పోసి ఇస్తే ఎవరూ తెరవరు. ఒక్కో పాఠానికి రెండు మంచివి చాలు.

రెండోది 'కివిక్స్'. ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఒకే ఫైలుగా దించుకొని ఇంటర్నెట్ లేకుండా చదవవచ్చు. మూడోది 'కొలిబ్రీ'. లెర్నింగ్ ఈక్వాలిటీ అనే లాభాపేక్ష లేని సంస్థ దీన్ని తయారుచేసింది. ఒక లాప్‌టాప్‌లో పాఠాలు ఒకసారి నింపితే, అదే బడికి చిన్న కేంద్రంగా పనిచేస్తుంది. చుట్టూ ఉన్న ఫోన్లు, ట్యాబ్లు వైఫై ద్వారా దాన్ని అందుకుంటాయి. బయటి ఇంటర్నెట్ అక్కర్లేదు.

కొండలోని పాఠం కొండదే

బయటి నుంచి తెచ్చినది ఎంత మంచిదైనా ఊరి అనుభవంతో ముడిపడకపోతే నిలవదు. రెండు ఉదాహరణలు చెబుతాము.

భిన్నాల పాఠం తీసుకోండి. పాతకాలపు కొలతల లెక్క పెద్దవాళ్లకు తెలుసు. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. అంటే అడ్డ కుంచంలో 1/2, మానిక 1/4, తవ్వ 1/8, సోల 1/16. పిల్లలచేత ఇంటి నుంచి కొలపాత్రలు తెప్పించి, రాగులో సామలో పోయించి కొలిపిస్తే, 1/8 కంటే 1/16 చిన్నదని ఎవరూ చెప్పనక్కర్లేదు. 'కింద అంకె పెద్దది కదా, భిన్నం కూడా పెద్దదే' అనే తప్పు అక్కడే పోతుంది. ఆ తరువాత ఫెట్‌లోని భిన్నాల సిమ్యులేషన్ చూపిస్తే అదే సంగతి తెర మీద మళ్లీ గట్టిపడుతుంది.

రెండోది కరెంటు పాఠం. ఆంధ్రప్రదేశ్, ఒడిశా ఉమ్మడిగా నడిపే 120 మెగావాట్ల మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచి ఈ పొరుగునే పనిచేస్తోంది. జోలాపుట్ జలాశయం పిల్లలు చూసిన నీరే. కిందికి దూకే నీరు చక్రాన్ని తిప్పుతుంది, చక్రం అయస్కాంతాన్ని తిప్పుతుంది, తీగచుట్టలో కరెంటు పుడుతుంది. ఫెట్‌లోని జనరేటర్ సిమ్యులేషన్‌లో కూడా కొళాయి నీటితో చక్రం తిరిగి బల్బు వెలుగుతుంది. కొలరాడోలో తయారైన బొమ్మకు మాచ్‌ఖండ్ నీళ్లు జతచేయడం మాస్టారి పని. అది ఏ సైటులోనూ దొరకదు.

భాష విషయంలోనూ ఇంతే. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి ఆదివాసీ ఒడియా, కువి, కొండ, సవర, కోయ, గోండి, కోలామి, బంజారా అనే ఎనిమిది భాషల్లో బహుభాషా విద్యా కార్యక్రమం మొదలైంది. ఆ పుస్తకాలు తెలుగు లిపిలోనే ఉండేవి. లిపి ఒకటే కావడంతో ఇంటి భాష నుంచి తెలుగుకు రావడం పిల్లలకు సులువవుతుంది. ఈ దారిని ఇప్పుడు ఏ మాస్టారైనా సొంతంగా పట్టవచ్చు. స్టోరీవీవర్‌లోని ఒక చిన్న కథ తీసుకొని, ఊరి అవ్వనో తాతనో కూర్చోబెట్టుకొని, ఇంటి భాషలో ఎలా చెబుతారో అడిగి తెలుగు లిపిలో బొమ్మల కింద రాసుకోవచ్చు. పైన తెలుగు, కింద ఇంటి భాష. అచ్చు తీసి కుట్టిస్తే అదే పుస్తకం. ఇటుకల పండుగ సంగతో, వారపు సంత సంగతో పిల్లలే చెప్పగా రాస్తే మరీ మంచిది.

ధర్మసంస్థలు చేయగలిగింది

బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీల్లో విడుదల సొమ్ము కట్టలేని చదువొచ్చినవారు మదీనా పిల్లలు పదిమందికి చదవడం రాయడం నేర్పితే చాలని దైవప్రవక్త (స) నిర్ణయించినట్టు సీరా గ్రంథాల్లో ఉంది. చదువు చెప్పేవాడు ఎవరని చూడలేదు, చదువు పిల్లలకు అందిందా అని చూశారు. ఎవరు తయారుచేసిన పాఠమైనా మేలైనదైతే తీసుకోవడానికి, ఏ మతం, ఏ తెగ పిల్లలకైనా ఇవ్వడానికి మనకు ఇంతకంటే ఆదర్శం ఏం కావాలి?

పని మొదలుపెట్టే సంస్థలు మొదట మాస్టారిని, టీచరమ్మను అడగాలి. ఏ తరగతి, ఏ పాఠం దగ్గర పిల్లలు ఆగిపోతున్నారో వారికే తెలుసు. బడిలో ఇప్పటికే ఉన్న టీవీ, ట్యాబ్, ప్రింటరు వాడుకలో ఉన్నాయో లేదో చూసి, లేకపోతే ముందు వాటిని బాగుచేయించాలి. కొత్తది కొనడం ఆ తరువాతి మాట. మన యువకుల్లో డిగ్రీ, బి.ఎడ్. చదివినవారు నెలకు రెండు ఆదివారాలు కూర్చుంటే ఒక తరగతి పాఠాలు వెతికి సర్దగలరు. ఉర్దూ మాధ్యమం బడులకూ ఇదే పద్ధతిలో ఉర్దూ కథలు చేర్చవచ్చు, స్టోరీవీవర్‌లో అవీ ఉన్నాయి. ఖర్చంతా మెమరీ కార్డులకు, ఒక స్పీకరుకు, అచ్చుకు, ప్రయాణానికే. జకాత్ సొమ్ముకు అర్హుల నియమాలు వేరు కనుక ఉలమాను అడిగి, ఇలాంటి సార్వజనిక పనికి సాధారణ సదఖా నిధిని వాడడం మంచిది.

ఆరు నెలల తరువాత మళ్లీ కొండెక్కి చూడాలి. ఎన్ని కార్డులు పంచామన్న లెక్క కంటే, మూడో తరగతి పిల్లల్లో ఎంతమంది మొదటి స్థాయి కథను తమంతట తాము చదవగలుగుతున్నారన్న లెక్క ముఖ్యం. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకొని ఒక పేజీ చదివిస్తే అది తెలిసిపోతుంది. చదవలేకపోతే మనం సర్దిన వాటిలో ఏది పనికిరాలేదో మాస్టారితో కలిసి చూసి మార్చుకోవాలి.

మనిషి పోయిన తరువాత కూడా పుణ్యం ఆగని దానాల్లో ఇతరులకు ఉపయోగపడే జ్ఞానం ఒకటని మనం నమ్ముతాము. దాన్నే సదఖయె జారియా అంటాము. రచయితలు కొందరు తమ పాఠాలను లోకానికి వదిలిపెట్టారు. వాటిని ముంచింగిపుట్టు కొండల్లోని ఒక గది దాకా చేర్చే పని మనకు మిగిలింది. ఈ పనికి సమయం ఇవ్వగల ఉపాధ్యాయులు, విద్యార్థులు మా కార్యకర్తలను కలవవలసిందిగా కోరుతున్నాము. అల్లాహ్ మనందరి ప్రయత్నాన్ని స్వీకరించుగాక. ఆమీన్.